సరేగారూ, పండుగారూ

మా ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరికీ సమయానికి గుర్తు రాదు. అందరికీ ఆయన సరేగారు. ఎదురుపడితే నేను అన్నయ్యగారూ అంటాను, పక్కకు తిరిగితే నేనూ సరేగారనే అంటాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "ఇలా పిలుచుకుంటున్నాం, మీకేం అభ్యంతరం లేదు కదా?" అని ఒకసారి ఎవరో అడిగారట. ఏమన్నారో మీరే ఊహించుకోండి.

మాది లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సు. మందులు, సబ్బులు, తలనూనెలు. మీ ఇంట్లో ఏ సీసా వెనక్కి తిప్పినా చీమ తలకాయంత అక్షరాలు కనిపిస్తాయే, అవి మేం వేసినవే కావచ్చు. నేను కంప్యూటర్లో కంపోజు చేస్తాను. ఆయన నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతారు.

చేతిలో ఎర్ర పెన్ను ఉన్నంతసేపూ ఆయన పులి. కామా వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఊరుకోరు, నేను ఎంత బతిమాలినా వినరు. పెన్ను జేబులో పెట్టుకుని మనుషుల మధ్యకు వచ్చారా, ఇక అంతే సంగతులు. మంగలి "ఇంకాస్త తగ్గించమంటారా?" అంటే సరే అంటారు, అందుకే ఆయన తల మీద దువ్వెనకు ఎప్పుడూ పని ఉండదు. ఇంటి యజమాని "నీళ్ల ట్యాంకు కింద వాటా ఖాళీగా ఉంది, కాస్త చప్పుడొస్తుందంతే" అంటే సరే అన్నారు. ఇప్పటికీ ట్యాంకు పొర్లే చప్పుడులోనే పేపరు చదువుకుంటారు. మా ప్రెస్సు మొదలుపెట్టిన పెద్దాయన అప్పట్లో "పని ఎక్కువ, విశ్రాంతి తక్కువ, వస్తావా?" అని నవ్వుతూ అడిగారట. వచ్చేశారు. ఆయన జన్మలో అన్న సరేలన్నిటిలోకీ బాగా కలిసొచ్చింది అదొక్కటే. కిటికీ వెలుతురు పడే ఆ బల్లన్నా, చేతులు అరిగిపోయిన ఆ కుర్చీ అన్నా ఆయనకు ప్రాణం. ఆదివారం వస్తే ఏం తోచక ఇంట్లో ఉప్పు పొట్లం మీద అక్షరాలు దిద్దుతారని వాళ్లావిడ నాతో చెప్పి నవ్వుతుంది.

పెద్దాయన మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంటిపట్టున ఉంటున్నారు. ప్రెస్సు ఇప్పుడు వాళ్లమ్మాయి చూసుకుంటున్నారు. మేం చిన్నమేడం అంటాం. చురుకైన మనిషి, మంచి మనిషి, గలగలా నవ్వే మనిషి. ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కంతా.

ఒక పొద్దున ఆవిడ కుక్కతో సహా దిగారు. దూడంత కుక్క. గోధుమరంగు జూలు, వేలాడే చెవులు, నోరు తెరిస్తే నేలదాకా నాలుక. మమ్మల్నందర్నీ హాల్లోకి పిలిచి, "ఇక నుంచి మన ఆఫీసుకి కుక్కల్ని తెచ్చుకోవచ్చని పెడదామనుకుంటున్నా. నాతో పండు వస్తాడు. మీకు ఉంటే మీరూ తెచ్చుకోండి. ఎవరికైనా ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పేయండి" అన్నారు.

మొహమాటపడొద్దని అడిగితే మనవాళ్లు మొహమాటం మానేస్తారా? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా పెద్దవారని ఆవిడ సరేగారి వైపు తిరిగి, "ఏమంటారండీ?" అని నవ్వారు.

"సరేనండి" అన్నారు ఆయన.

పెద్దమనిషి సరే అన్నాక చిన్నవాళ్లు కాదంటే ఏం బాగుంటుంది? కటింగ్ మిషన్ మేస్త్రి సరే అన్నాడు. ప్యాకింగ్ అమ్మాయి సరే అంది. అకౌంటెంటు తల ఊపాడు. నేను మాత్రం మనస్ఫూర్తిగా అన్నాను. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ రోజు నిజంగా ఇష్టపడి సరే అన్నది నేనొక్కదాన్నేనని తర్వాత తేలింది.

కుక్క ఆఫీసులో ఉంటే ఏం లాభం అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబుంది. పండు వచ్చాక మేస్త్రి, అకౌంటెంటు పోట్లాడుకోవడం తగ్గించారు. గొంతు పెంచగానే అది లేచి ఇద్దరి మధ్యా నిలబడి తోక ఆడించేది, ఇంక ఎవరు ఎవర్ని తిట్టగలరు? ఆర్డరు ఆలస్యమైందని చిందులు తొక్కుతూ వచ్చినవాళ్లు కూడా దాని చెవులు నిమురుతూ బుద్ధిగా కూర్చునేవారు. అక్షరాలు చూసి చూసి నా కళ్లు మండుతుంటే, వచ్చి నా ఒళ్లో గడ్డం పెట్టేది. మనుషులెవరూ ఆ పని చేయలేదు మరి.

నష్టం లేదా అంటే ఉంది. జిగురు లేబుళ్ల మీద వెంట్రుకలు అంటుకునేవి. మేస్త్రి వాటిని ఏరుకుంటూ గొణుక్కునేవాడు కానీ, పైకి "ఫర్వాలేదులే మేడం" అనేవాడు. ప్యాకింగ్ అమ్మాయి మేడం మాట కాదనలేక పక్కింటివాళ్ల కుక్కపిల్లను అడిగి మరీ ఒక రోజు తెచ్చింది. అది పూట గడవకుండా ఒక లేబుళ్ల చుట్టను నమిలి పీచు చేసి పెట్టింది. మళ్లీ తేలేదు.

పండుకు ఆఫీసంతా తిరిగే స్వేచ్ఛ ఉంది. ఉండి ఏం లాభం, అది ఏరికోరి సరేగారి బల్ల కిందే పడుకునేది. ఆయన కదలరు, మెదలరు, అరవరు. నిద్రకు అంతకన్నా మంచి చోటేది? ఆయన రెండు కాళ్లూ పైకి లాక్కుని కుర్చీలో బాసింపట్టు వేసుకుని రోజంతా కూర్చునేవారు. "చూశారా, మీరంటే వాడికి ఎంత ఇష్టమో!" అని మురిసిపోయేవారు చిన్నమేడం. మొదట్లో ఆయన నోరు జారి "ఈ కుక్క" అనబోతే, "కుక్క అనకండీ, పండు అనండి" అన్నారు ఆవిడ. ఆయన దానికీ సరే అన్నారు. కానీ అధికారుల తాలూకు ప్రాణిని ఉత్త పేరుతో పిలవడానికి నోరు రాలేదు. రోజూ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, నన్ను మెల్లగా అడిగేవారు, "పండుగారు వచ్చారామ్మా?"

నేను పగలబడి నవ్వేదాన్ని. ఆయన గౌరవం చూపిస్తున్నారనుకున్నాను.

అసలు సంగతి వాళ్లావిడ ఫోన్ చేశాక తెలిసింది. "అమ్మాయీ, మా ఆయన జన్మలో వద్దు అనే మాట అనగా నేను వినలేదు. ఇప్పుడు నిద్దట్లో వద్దు వద్దని కేకలేస్తున్నారు. ఆఫీసులో ఏమైందే?" అంది. నేను పండు కబురు చెప్పాను. "అయ్యో రాత! ఆయన్ని చిన్నప్పుడు కుక్క కరిచిందే. బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. ఇప్పటికీ వీధిలో కుక్క కనబడితే చుట్టూ తిరిగి ఇంకో సందులోంచి వస్తారు" అంది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఆయన్ని నిలదీశాను. "అన్నయ్యగారూ, భయమని ఒక్క మాట చెప్పొచ్చు కదా? మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"నీకు పుణ్యముంటుంది, చెప్పకమ్మా. పాపం, నొచ్చుకుంటారు" అన్నారు ఆయన. కాసేపు మెతుకులు కెలికి, "ఈ నెలాఖరుకి మానేద్దామనుకుంటున్నా" అన్నారు.

"వద్దు అనే రెండక్షరాల మాటకి భయపడి ఉద్యోగం మానేస్తారా?"

"మానేస్తే ఎవర్నీ నొప్పించక్కర్లేదు కదమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఆ కుర్చీ లేకపోతే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు. పైగా, ఆయన భయం సంగతి తెలిశాక పండు నా ఒళ్లో గడ్డం పెట్టినా మునుపటి హాయి లేదు. డబ్బా మూత చప్పుడయ్యేలా పెట్టి లేచిపోయాను. కానీ ఆయన కోరినట్టే చిన్నమేడంతో ఏమీ అనలేదు.

నెలాఖరు దాకా ఆగాల్సిన అవసరం లేకుండా తలనూనె లేబుల్ వచ్చి పడింది. "కుదుళ్లకు బాగా పట్టించి, గంటసేపు ఆగి తలస్నానం చేయండి" అని ఉండాలి. నేను కుదుళ్లలో ఒక ఒత్తు మింగేశాను. ఆయన ఎప్పటిలాగే ఆ మాట కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో దిద్దారు. ఆయన దిద్దిందాన్ని మళ్లీ చదివే అలవాటు ఈ ప్రెస్సులో ఎవరికీ లేదు. ఉన్నదున్నట్టు ఎక్కించాను. అచ్చయిపోయింది, నూనె కంపెనీకి వెళ్లిపోయింది.

రెండో రోజు ఆ కంపెనీ ఆయన ఊగిపోతూ వచ్చి సీసా ఒకటి చిన్నమేడం బల్ల మీద పెట్టాడు. "చదవండి మేడం, మీరే చదవండి!"

ఆవిడ పైకి చదివారు. "కుక్కలకు బాగా పట్టించి, గంటసేపు ఆగి తలస్నానం చేయండి."

మేస్త్రి మిషన్ వెనక్కి వెళ్లి నవ్వుకున్నాడు. నాకూ పొట్ట చెక్కలవుతోంది. సరేగారి మొహం చూశాక నవ్వు దానంతటదే పోయింది. ఆయన కుర్చీ మీద నుంచి కాళ్లు దించారు. పండు బల్ల కింద ఉందని తెలిసి కూడా దించారు. లేచి నిలబడి, "తప్పు నాదేనండి" అన్నారు. ఈ ప్రెస్సులో ఆయన నోట ఆ మాట రావడం నేను వినడం అదే మొదటిసారి.

లేబుళ్లు మళ్లీ వేసి ఇస్తామని చెప్పి కంపెనీ ఆయన్ని పంపేశాక, చిన్నమేడం తిరిగొచ్చారు. కోపం లేదు. బల్ల కింద గుర్రుపెడుతున్న పండునూ, గోడకు అతుక్కుపోయి నిలబడ్డ ఆయన్నీ మార్చి మార్చి చూశారు. ఆవిడ చురుకైన మనిషని ముందే చెప్పాను.

"పండు వల్ల మీకు ఇబ్బందా అండీ?" అని అడిగారు. అలవాటు కొద్దీ నవ్వుతూనే అడిగారు.

మిషన్ ఆగింది. ప్యాకింగ్ అమ్మాయి టేపు చింపడం ఆపేసింది. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను. "అబ్బే, ఏం లేదండీ" అంటే ఆయన నెలాఖరుకి వెళ్లిపోతారు. పండు మాత్రం ఉంటుంది. ఇంతలో అది లేచి ఒళ్లు విరుచుకుని, నేరుగా వెళ్లి ఆయన మోకాలికి మూతి ఆనించింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"వద్దండీ" అన్నారు. "నాకు భయమండీ. మొదటి రోజు నుంచీ భయమే. దీన్ని తేవద్దండీ."

చిన్నమేడం గబగబా పండు పట్టీ పట్టుకుని వెనక్కి లాగారు. "మరి ఆ రోజు సరే అన్నారేంటండీ?"

"మీరు నవ్వుతూ అడిగారండీ" అన్నారు ఆయన. "నవ్వుతూ అడిగితే వద్దనడం ఎలాగండీ?"

ఇక అప్పుడు చూడాలి! మేస్త్రికి వెంట్రుకలు గుర్తొచ్చాయి. అకౌంటెంటుకు తుమ్ములు గుర్తొచ్చాయి. ప్యాకింగ్ అమ్మాయి పక్కింటి కుక్కపిల్ల కథంతా చెప్పేసింది. చిన్నమేడం నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆ రోజు అందరి నోట్లో ఏముంది?" అని అడిగారు. మర్నాడు పండు రాలేదు.

నిజం చెప్పొద్దూ, నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన నెగ్గినందుకు సంతోషమే, ఉద్యోగం నిలబడ్డందుకు ఇంకా సంతోషం. కానీ నాది కూడా ఒక ప్రాణమే కదా, పండు లేని ఆఫీసు బోసిపోయింది. ఆయన మాత్రం కాళ్లు బారజాపుకుని, హాయిగా, ఒక్క ఒత్తు పోకుండా దిద్దుకుంటున్నారు. మంగలికి కూడా "చాలు, ఇక తగ్గించొద్దు" అన్నారట. తల మీద కాస్త నెరిసిన జుట్టు కనబడుతోంది.

అలాంటి ఒక రోజు నా బల్ల మీది ఫోన్ మోగింది. పెద్దాయన. "పండుని వద్దన్నది ఎవరమ్మా? వాణ్ని పిలు" అన్నారు. స్పీకరు నొక్కి ఫోన్ సరేగారి వైపు తిప్పాను.

"నేనేనండి" అన్నారు సరేగారు, లేచి నిలబడి.

"నువ్వా? నీకు ఆ మాట ఎలా వచ్చిందయ్యా?" పెద్దాయన గొంతులో నవ్వుంది. "నాకు రాలేదు చూడు. పండు నా కాళ్లకి అడ్డం పడతాడేమోనని మా అమ్మాయి బెంగ. 'ఆఫీసుకి తీసుకెళ్లనా నాన్నా?' అంది. నా మంచికే అడుగుతోంది కదా, ఎలా వద్దనను? సరే అన్నా. పొద్దుణ్నించి సాయంత్రం దాకా నాకు తోడుండేది వాడొక్కడే. వాడు వెళ్లాక టీవీకీ నాకూ మధ్య ఎవరూ లేరయ్యా. నువ్వు వద్దన్నావు, వాణ్ని నాకిచ్చేశావు."

సరేగారు తల ఊపుతూ, "మంచిదండీ, మంచిదండీ" అన్నారు.

"ఒకసారి ఇంటికి రావయ్యా. నన్నూ, పండునీ చూసిపోదువుగాని."

ఆయన నా వంక చూశారు. నేను సాయం చేయలేదు. ఊపిరి తీసుకుని, "రానండీ" అన్నారు. "పండుగారుంటే నేను రాలేనండీ. మీరే ఇక్కడికి రండి."

అయిపోయింది, పెద్దాయనకు కోపమొచ్చిందనుకున్నాను. ఆపరేషన్ అయిన మనిషి, విశ్రాంతి తీసుకోవాలని ఇన్నాళ్లూ మేమెవరం ఆయన్ని రమ్మనలేదు. చాలాసేపటికి గొంతు వినిపించింది, కాస్త సన్నగా.

"రావచ్చా?" అన్నారు, ఆ ప్రెస్సుకి మొదటి ఇటుక పెట్టిన మనిషి.