సటైవా అని రాయించింది నేనే

ఏళ్లుగా ఒక అబద్ధం నా లోపల బరువుగా కూర్చుని ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నార్కట్‌పల్లి అవతల ఒక ఊళ్లో, సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. నేను చదివింది జంతుశాస్త్రం. మొక్కల పేర్లు నాకు అంతంతమాత్రం. తెలంగాణ వచ్చిన కొత్తలో, జిల్లా సైన్సు ప్రదర్శన కోసం పదో తరగతి రేణుక పంటల బోర్డు తయారుచేసింది. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. వరి, ముల్లంగి, కొత్తిమీర అతికించి కింద లాటిన్ పేర్లు రాసింది. ఒరైజా సటైవా, రఫానస్ సటైవస్, కొరియాండ్రమ్ సటైవమ్.

ఒకే మాటను మూడు తీర్లుగా ఎందుకు రాశావని అడిగాను.

"తప్పు గాదు సార్. లైబ్రరీల పెద్ద డిక్షనరీ చూసిన. విత్తుడు అనే మాట నుంచి వచ్చిందట. విత్తి పండించేది అని అర్థం. మొక్క పేరు ఆడమాటైతే సటైవా, మగమాటైతే సటైవస్, రెండూ గాకుంటే సటైవమ్. మనం మంచోడు, మంచిది అంటం గద, గట్లనే."

"నాకే పాఠం చెప్తున్నవా? అన్నిటికీ సటైవా అనే రాయి."

బ్లేడుతో గీకి మార్చింది.

ప్రదర్శన రోజు న్యాయనిర్ణేత బోర్డు ముందు ఆగాడు. రిటైరైన వృక్షశాస్త్ర లెక్చరర్. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రదర్శనకు పోయే బోర్డును ఎంచేది ఆయనే. "పని బాగుంది. గని రెండు పేర్లు తప్పున్నయ్. ఎవరు రాసిండ్రు?" అన్నాడు.

తోటి టీచర్లు చూస్తున్నారు. "పిల్లనే రాసింది సార్. సరిచూసుకొమ్మని చెప్పిన," అన్నాను.

రేణుక నా వైపు ఒక్కసారి చూసింది.

వేరే బడి బోర్డు ఎంపికైంది. తిరుగు దారిలో టీకి ఆగితే ఆమె బండి దిగలేదు. ఇంటర్‌లో సైన్సు తీసుకోలేదని తర్వాత తెలిసింది. నా వల్లనేనా? ఒక్క మాటకే అంత జరుగుతుందా? జరగదని ఎన్నిసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నా, పదిహేనేళ్ల పిల్ల అంత పెద్ద అబద్ధాన్ని నోరు మూసుకుని నా కోసం మోసిందన్న సంగతి మాత్రం కదలదు.

ఇంకొకటి ఉంది. ప్రదర్శన రోజు సాయంత్రమే ఆ నిఘంటువు తీసి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అయినా పిలిచి చెప్పలేదు. పైగా ఏటా అదే పాఠాన్ని ఆమె మాటల్లోనే, నా తెలివిగా చెప్పుకున్నాను.

మొన్న తరగతిలో మొదటిసారి ఆమె పేరు చెప్పాను. అబద్ధం సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఆమె ఎక్కడుందో తెలియదు. క్షమాపణ అడిగే అర్హత ఉందో లేదో అదీ తెలియదు. ఇక్కడ రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే.