మా మేష్ట్రు ఖాళీగా వదిలిన బ్రాకెట్లు

ఆగస్టు పదకొండు, మంగళవారం. పొద్దున పళ్ళు తోముకుంటూ ఉంటే మా మేష్ట్రు భార్య గుమ్మంలో కనిపించారు. ఆమె వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. మేష్ట్రు పోయి రెండు వారాలే అయింది, నిన్ననే కార్యాలు ముగిశాయి.

"రేపు పొద్దున బ్యాచ్ ఉండాది కదమ్మా. దాంట్లో ఉండే ఎనిమిది మందీ ఏం చేయాలని అడుగుతా ఉండారు. ఆయన సగంలో ఆపిన పాఠం నువ్వు చెప్పు. వాళ్ళు నిలిస్తే క్లాసు నడిపిస్తాం. లేకుంటే నెలాఖరుకు ఆ గది వదిలేస్తాను" అన్నారు.

"నేనా అత్తా?" అన్నాను, నోట్లో నురగతోనే.

"నువ్వే. నీ గాజుల కథ ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినాడో నీకేం తెలుసు!"

ఆ కథ చెప్పకుండా నేను ఆయన గురించి రాయలేను.

బళేపేటలో మా నాన్నకు గాజుల అంగడి ఉంది. దాని మేడ మీద ఒకే గదిలో అయిదు పాత కంప్యూటర్లు, ఒక నల్లబల్ల. అదే మేష్ట్రు క్లాసు. వెబ్ పేజీల వెనక పనిచేసే కంప్యూటర్ భాష పీహెచ్‌పీని మొదటినుంచి నేర్పేవారు. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. అందుకే ఏ చొక్కాకైనా జేబు మాత్రం తెల్లగా ఉండేది.

ఆయన లెక్కలో క్లాస్ అంటే అంగడి ఎట్లా ఉండాలో గీసుకున్న పటం. ఆ పటం చూసి కట్టిన అంగడి ఆబ్జెక్టు. అంగడి చేసే పని మెథడ్. నేను నేర్చుకునే రోజుల్లో ఒకరోజు బల్ల మీద తియ్యి() అని రాసి, బ్రాకెట్ల మధ్య ఏమీ పెట్టకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేము ఆయన్ని చూశాం, ఆయన మమ్మల్ని చూశారు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏం తియ్యాల సార్?"

"ఆ! వచ్చినావు దారికి!" అని బల్ల మీద ఒక్కటి చరిచారు. "కింద మీ నాయన ముందర నిలబడి ఉత్త 'తియ్యి' అంటే ఆయప్ప ఏం తీస్తాడు? సైజు చెప్పాల, రంగు చెప్పాల, ఎన్ని డజన్లో చెప్పాల."

అప్పుడు బ్రాకెట్లు నింపారు: తియ్యి($సైజు, $రంగు, $డజన్లు). ఆ మూడు పేర్లూ ఖాళీ పీటలు. పిలిచేటప్పుడు మనం ఇచ్చేవి వచ్చి వాటిమీద వరుసగా కూర్చుంటాయి, అవే ఆర్గ్యుమెంట్లు. పీటల వరుస తప్పితే సైజు పోయి రంగు పీట మీద కూర్చుంటుంది.

నాకు మాత్రం అదంతా సగమే వినిపించింది. మెథడ్ పేరు తెలుగులో ఉంది! మా అంగట్లో రోజూ వినే మాట, నల్లబల్ల ఎక్కి, పనిచేస్తోంది! ఆ సాయంత్రం నోటుపుస్తకం నిండా చూపించు, మార్చు, కట్టివ్వు అని రాసుకుంటూ పోయాను. ఒక్క మాట అంత పని మోయగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

మరునాడు రెండే ఆర్గ్యుమెంట్లు ఇచ్చి నడిపించాను. తెర నిండా తప్పు వచ్చింది. నేను బిక్కమొగం వేస్తే ఆయన వచ్చి వెనక నిలబడ్డారు.

"భయపడొద్దు. అది తిట్టడంలే. మూడు అడిగితే రెండే ఇచ్చినావని చెప్తా ఉండాది. అంత మర్యాదగా చెప్పే కొలీగు నాకు ఒక్కడూ దొరకలే."

మూడోది చేర్చాను. పేజీ వచ్చింది. పరుగున కిందికి పోయి నాన్నకు ఫోనులో చూపించాను.

"ఏం సైజమ్మా ఇది? రెండూ ఒకటా? అట్లాంటి గాజు బళేపేట మొత్తం వెతికినా లేదే" అన్నాడు నాన్న.

నేను రాసింది 2.10. గాజులవాళ్ళకు రెండూ పది అంటే రెండు అంగుళాలు, ఆ పైన అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో పది. పెద్ద చేతి సైజు. మిషన్ దాన్ని మామూలు దశాంశం అనుకుని చివరి సున్నా తీసేసి 2.1 చేసింది. బడిలో లెక్క నేర్చుకున్నవాళ్ళెవరికీ రాని తప్పు, గాజుల ఇంటి పిల్లకే వచ్చింది.

సిగ్గుతో మేష్ట్రుకు చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. సుద్దముక్క జేబులో వేసుకుని, రెండేసి మెట్లు దిగి మా అంగట్లోకి వచ్చేశారు.

"అప్పా, ఆ కొలిచే కడ్డీ సల్ప ఇట్లియ్యి. ఇన్నేండ్లుగా నీ నెత్తిన కూర్చుని ఉండాను, ఈ లెక్క నాకు తెలీదు చూడు!"

"మేష్ట్రూ, మీరు నేర్చుకుంటే మా పిల్లకేం నేర్పుతారు?" అన్నాడు నాన్న.

"నేర్చుకున్నోడే నేర్పేది" అన్నారాయన, కడ్డీకి ఒక్కొక్క గాజూ తొడిగి చూసుకుంటూ. పైకి వచ్చాక మేమిద్దరం సైజును రెండు ఆర్గ్యుమెంట్లుగా విడగొట్టాం, అంగుళాలు వేరు, భాగాలు వేరు. రెండూ పది సరిగ్గా రెండూ పదిగానే వచ్చింది. ఆయన చప్పట్లు కొట్టారు, ఆయన చేతుల మధ్యనుంచి సుద్దపొడి లేచింది.

ఈ పొద్దున అత్త వెళ్ళాక ఎనిమిది మందికీ ఫోన్ చేశాను. ఏడుగురు వస్తామన్నారు. ఎనిమిదో ఆయన పక్క సందులో ఇనుప సామాన్ల అంగట్లో పనిచేస్తాడు, మా నాన్న వయసు.

"నీకు గాజులు తెలుసమ్మా. నేను బోల్టులమ్మేవాణ్ణి. ఆ గాజులతో చెప్తే నా బుర్రకెక్కలే. మా అంగడికొచ్చి బోల్టులు చూస్తానని మేష్ట్రు మాటిచ్చినారు. రాలేకపాయె. ఇంక నేనెందుకు రావాల?"

"రేపు కొంచెం ముందుగా షట్టర్ ఎత్తుతారా అన్నా?" అని అడిగాను.

"ఎందుకు?"

"బోల్టు కావాలంటే ఏమేం చెప్పాలో నాకు తెలీదు. నేర్పించండి."

అటువైపు నవ్వు వినిపించింది. "ఏడింటికి రా, చూస్తాం."

రేపు ఏడింటికి నోటుపుస్తకం పట్టుకుని ఆయన గల్లా ముందు నిలబడతాను. మందం ముందా, పొడవు ముందా, మర చుట్ల రకం ముందా, కొనేవాళ్ళు ఏ వరుసలో అడుగుతారో ఆయన నోటితోనే విని, అదే వరుసలో రాసుకుంటాను. ఎనిమిదింటికి క్లాసు. మెట్ల దగ్గర ఆయన్ని ముందు ఎక్కమంటాను.