రెండో పట్టీ

నా చిన్నప్పుడు ఏ సెలవులు వచ్చినా మా అమ్మ నన్ను సుక్మాలో బస్సెక్కించి జగదల్‌పూర్ పంపేసేది. అక్కడ మా మేనమామకు పాత కార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. నన్ను అందరూ పనిమంతురాలని పొగిడేవాళ్లు. చింతపండూ బూడిదా ఇస్తే చాలు, ఇత్తడి బిందెలో ముఖం కనిపించేలా తోమేదాన్ని. పొగడ్త తలకెక్కిన పిల్లను ఖాళీగా వదలకూడదని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఒక ఏడాది ఎండాకాలం సెలవుల్లో షెడ్డుకు ఒక డాక్టరమ్మ కారు వచ్చింది. చనిపోయిన భర్త ముచ్చటపడి కొన్న బండి అది. ఆవిడ కోరిక ఒకటే: తలుపుల పొడవునా ఉండే మెరుపు పట్టీలు కారుతో పాటు వచ్చినవే ఉండాలి, కొత్తవి వద్దు. పని నచ్చితే తన మరిది జీపులు రెండూ మామయ్యకే ఇప్పిస్తానంది. ఆ పని వస్తే వానలు పడేలోగా షెడ్డుకు చిల్లులు పడ్డ రేకులు మార్చుకోవచ్చని మా అత్త ఆశ.

మామయ్య పట్టీలు ఊడదీసి, ఏ పక్కదానికి ఆ పక్క చీటీ కట్టి, పాత చీరగుడ్డలో చుట్టిపెట్టాడు. ఆయన పద్ధతే అంత. ముందు సబ్బునీళ్లు, తర్వాత మెత్తటి గుడ్డ, ఆ తర్వాత వెనకవైపు వేలెడంత మేర పాలిష్ పెట్టి చూడటం. పైకి కనిపించే వైపు ముట్టుకోవడానికి రెండు రోజులైనా ఆగేవాడు. నాకది ఒట్టి బద్ధకంలా కనిపించింది.

ఆయన బజారుకు వెళ్లగానే నేను ఎడమ తలుపు పట్టీ తీసి, పొయ్యిలో బూడిద తడిపి దట్టంగా పట్టించాను. నానితే ఇంకా మెరుస్తుందని అన్నం తినడానికి వెళ్లాను. వచ్చి కడిగితే మెరుపు లేదు, నల్లటి మచ్చలున్నాయి. చింతపండు పెట్టి తోమాను, ఇసుక పెట్టి తోమాను. తోమినకొద్దీ గీతలు పడ్డాయి. భయంతో ఏడుపు కూడా రాలేదు.

మామయ్య చూసి, "ఏంది బిడ్డా, గిట్ల చేసినవ్?" అని కూలబడ్డాడు. అది ఇత్తడి కాదనీ, సత్తు, అంటే అల్యూమినియం అనీ, బూడిదనీళ్లు దాన్ని తినేస్తాయనీ తర్వాత చెప్పాడు. రెండు రోజులు రుద్ది రుద్ది మచ్చలు పోగొట్టాడు. మెరుపు వచ్చింది గానీ అది వేరే మెరుపు. కుడిపట్టీ పక్కన పెడితే చిన్నపిల్లలైనా పట్టేస్తారు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తోచింది. కుడిదానికి కూడా బూడిద పట్టించి అలాగే రుద్దితే రెండూ ఒకేలా ఉంటాయి, ఎవరికీ తెలియదు. "పోరి చెప్పేది నిజమే గదా, లేకపోతే జీపులు పోతయ్" అంది అత్త. మామయ్య కుడిపట్టీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకూ ఆశ పుట్టిందని ఇప్పుడు అర్థమవుతోంది.

"తెల్వక ఒకటి ఖరాబైంది. తెలిసి రెండోది ఖరాబు చేస్తమా?" అని దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

డాక్టరమ్మ వచ్చిన రోజు ఆయన ఆవిణ్ణి ముందు ఎడమ తలుపు దగ్గరికే తీసుకెళ్లి, ఇది మా చేతుల్లో పాడైందని హిందీలో చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. నేనే ముందుకొచ్చి, తోమింది నేనన్నాను. ఆవిడ పట్టీ మీద వేలు ఆనించి చివరిదాకా నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. నేరుగా కారెక్కి వెళ్లిపోయింది. జీపులు రాలేదు. ఆ వానాకాలమంతా షెడ్డు కురుస్తూనే ఉంది.

అత్త సణిగిన ఒకరోజు మామయ్య అన్నం కలుపుకుంటూ అన్నాడు: "పోతే పోనీ. రేపు బజార్ల ఆమె ఎదురైతే పక్కకు తప్పుకునే పనైతే లేదు మనకు."

ఇప్పుడు నాకు అరవై దాటాయి. సుక్మా సంతలో ఎంతోమంది ఎదురవుతారు. నావల్ల నష్టపోయినవాళ్లున్నారు, నా తప్పు నేనే చెప్పుకుంటే నన్ను దూరం పెట్టినవాళ్లున్నారు. అందరినీ ఆగి పలకరిస్తాను. ఒక్క మనిషి కనిపిస్తే మాత్రం సంచీ సర్దుకుంటున్నట్టు నటించి పక్క సందులోకి తిరుగుతాను. ఆ ఒక్కచోట, తెలియక చేసిన తప్పును దాచడానికి తెలిసి రెండోది చేశాను; మామయ్య మాట గుర్తుండి కూడా నేను వినలేదు.