ఎర్ర కొమ్ములు ఏ శాస్త్రం కిందికి వస్తాయి?

1941లో నేను చార్మినార్‌కు కొంచెం అవతల ఉన్న సర్కారు పశువుల దవాఖానాలో డాక్టరును. దీపావళి అయిపోయి వారం కూడా కాలేదు, ఛత్రినాక నుంచి పాలు పోసే మల్లయ్య తలగుడ్డ చేత పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. అతనికి ఉన్నవి మూడు బర్రెలు. ఆ పాలతోనే ఇల్లు గడిచేది. ఒకటి అప్పటికే చచ్చింది. రెండోది గోడకు తల ఆనించి పళ్ళు కొరుకుతోంది.

"డాక్టర్ సాబ్, దానికి కండ్లు గూడ కనవడ్తలేవు. దిష్టి తాకింది. పండుగ నాడు ముస్తాబు జేసి ఊరేగిస్తే గల్లీ గల్లంత మా బర్రెల్నే చూసిండ్రు."

"దిష్టి సంగతి తర్వాత. ఏం మేపినవ్?"

"రోజు ఏసేదే. పచ్చగడ్డి, తవుడు, చెక్క. కొత్తదేం ఎయ్యలే, మీ కాళ్ళు మొక్కుత."

నాకు మొదట అంటురోగమని అనుమానం వచ్చింది. అదే అయితే మూడో బర్రె లచ్చి కూడా పోతుంది, వాడకట్టులోని పశువులూ పోతాయి. నెత్తురు తీసి బ్యాక్టీరియాలజీ వాళ్ళకు పంపాను. కంటికి కనబడని క్రిములను మైక్రోస్కోపు కింద పెట్టి చూసే శాస్త్రం అది. అక్కడి పెద్దమనిషి నన్ను బాగా తిప్పించుకొని, "క్రిమి లేదు, ఇక మాకు సంబంధం లేదు" అన్నాడు. సంబంధం లేదట! ఆ సాయంత్రమే రెండో బర్రె కూడా చచ్చింది.

క్రిమి కాకపోతే విషపు మొక్క అయి ఉండాలి. చెట్టూ చేమల సంగతి చూసేది బాటనీ. కాలేజీలో ఆ పాఠం చెప్పే స్నేహితుణ్ణి బతిమాలి కొట్టం దాకా లాక్కొచ్చాను. గడ్డి పరక పరకా తిరగేశాడు. గన్నేరు లేదు, ఉమ్మెత్త లేదు. చేతులు దులుపుకొని లచ్చి వైపు చూసి, "కొమ్ములు భలే ఎర్రగున్నయే!" అని మెచ్చుకొని టాంగా ఎక్కాడు. మల్లయ్య మురిసిపోయాడు. రెండు బర్రెలు పోయిన మనిషికి ఆ మెప్పు ఒకటి! నాకు ఒళ్ళు మండింది.

ఇక మిగిలింది కెమిస్ట్రీ. ఏ పదార్థంలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చెప్పే శాస్త్రం. చచ్చిన బర్రె పొట్టలోంచి తీసినదాన్ని జాడీలో పోసుకొని నేనే మోసుకెళ్ళాను. కెమిస్టు కళ్ళద్దాల మీంచి చూసి, "క్యా ఢూంఢ్నా హై, పహ్‌లే వో బతాయియే" అన్నాడు. ఏం వెతకాలో ముందు నేనే చెప్పాలట.

"అది తెలిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తా సాబ్?"

ఒక్కో విషానికి ఒక్కో పరీక్ష ఉంటుంది, పేరు చెబితే చేస్తానన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. నన్ను చంపుకు తిన్నది అదే. ముగ్గురూ ఎవరి శాస్త్రంలో వాళ్ళు నిజమే చెప్పారు. బర్రెలు మాత్రం చస్తున్నాయి.

జాడీ అక్కడే పెట్టేసి కొట్టానికి వెళ్ళాను. లచ్చి కూడా పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. మల్లయ్య దాని మెడ పట్టుకొని ఏడుస్తున్నాడు. అది విదిలించుకొని, కొమ్మును గుంజకు రుద్ది, ఆ గుంజనే నాకసాగింది. నాలుక ఎర్రగా ఉంది.

"మల్లయ్యా! ఆ కొమ్ములకు ఏం పూసినవ్?"

"సిందూరం సాబ్. ఏటా పండుగకు జాజు, గదే ఎర్రమన్ను, పూస్తుంటి. ఈసారి మంచిగ మెరవాలెనని పత్తర్‌గట్టి బజారుకు పోయి సిందూరం తెచ్చిన. రాలకుండ బెల్లం పాకంల కలిపి పూసిన."

ఆ సిందూరంలో ఉండేది సీసం. సీసం విషం. దానికి బెల్లం తోడు! పండుగ నుంచి మూడు బర్రెలూ ఒకదాని కొమ్ములు ఒకటి నాక్కుంటూనే ఉన్నాయన్నమాట.

"ఇన్ని రోజులు చెప్పలేదేందయ్యా?"

"మీరు ఏం మేపినవని అడిగిండ్రు. కొమ్ములకు పూసింది మేతెట్లయితది? హనుమంతునికి పూసేదే గద సాబ్, పానం దీస్తదా?"

"హనుమంతుడు తన ఒళ్ళు తాను నాక్కుంటడా మల్లయ్యా!" అని అరిచాను. గల్లీ అంతా తొంగి చూసింది.

కొమ్ములూ గుంజా గీకించి కడిగించాను. లచ్చికి మెగ్నీషియం సల్ఫేట్ తాగించాను. అది విరేచనాల ఉప్పు, సీసం ఒంటికి పట్టకుండా బయటికి తోస్తుంది. సీసం ఉందేమో చూడమని కబురు పెడితే కెమిస్టు వెంటనే ఉందని తేల్చాడు. లచ్చి బతికింది. పాలలోకీ సీసం దిగుతుంది, కొన్నాళ్ళు ఎవరికీ పోయొద్దంటే మల్లయ్య దానికీ లొల్లి పెట్టాడు.

శాస్త్రాన్ని శాఖలుగా విడదీసుకున్నది మనం చదువుకోవడానికే. ఎర్రకొమ్ములు అందరికీ కనబడ్డాయి, కానీ ఎవరి శాఖలోనూ లేవు. నా ప్రశ్న కూడా మేత దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత ఏ కొట్టానికి వెళ్ళినా, పశువు నాలుక అందే చోటల్లా చూడకుండా నోరు విప్పలేదు.

మరుసటి ఏడు దీపావళికి ముందే ఛత్రినాక వెళ్ళాను. కొట్టంలో గిన్నె నిండా ఎర్రరంగు! నేను నోరెత్తకముందే మల్లయ్య, "జాజు, బెల్లమే సాబ్, ఒట్టు!" అంటూ అందులో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "సూడుండ్రి, నాకేమన్న అయితున్నదా?"

ఆ చెయ్యి పట్టుకొని లాగేసరికి గిన్నె ఒలికి నా చొక్కా అంతా ఎరుపయింది. లచ్చి మెడ చాచి, తీరుబడిగా నా చొక్కా నాకసాగింది.