కంచాల లెక్క

అరవైల్లో నరసరావుపేట ఆరోగ్యశాఖ ఆఫీసులో నేను స్టాటిస్టిక్స్ నేర్చుకున్నది ఊలు సూదితో. పల్నాటి ఎండల్లో స్వెట్టరుతో ఎవరికీ పనిలేదు గనక ఆ సూది మాకు దక్కింది. ఇంటికో కార్డు, దాని మీద మావాళ్లు అడిగి రాసుకొచ్చిన ఇంట్లోవాళ్ల లెక్క, కార్డు అంచుల్లో చిల్లులు. మశూచి టీకా పడని పిల్లలుంటే ఒక చిల్లిని అంచుదాకా కత్తిరించాలి. ఎంతమందో తెలియడానికి మరికొన్ని. కార్డుల దొంతరలో సూది దూర్చి పైకెత్తితే కావలసినవి కింద రాలతాయి. ఏ చిల్లి ముందో ఏది తరువాతో మా ఆఫీసరుగారు కాగితం మీద రాసి గోడకు అంటించి, దాన్ని ప్రోగ్రాం అనేవారు. ఆ వరుస తప్పితే ఆయనకు మడి మైలపడినంత పని.

మా లెక్క ప్రకారం బొల్లాపల్లి దగ్గర ఒక ఊరికి టీకా మందు పంపాం. వరుసలో పిల్లలు ఇంకా నిలబడి ఉండగానే మందు అయిపోయింది. పక్క ఊళ్లో అప్పటికే మశూచి ఉంది.

"సూది సరిగ్గా దూర్చావా?" అన్నారు ఆఫీసరుగారు. మళ్లీ దూర్చాను. అదే లెక్క వచ్చింది.

తేల్చుకుందామని ఆ ఊరే వెళ్లాను. మొదటి ఇంట్లో పిల్లలెంతమందని అడిగితే ఆ తల్లి ముగ్గురంది. అరుగు మీద నలుగురున్నారు.

"ఆ చివరివాడెవరమ్మా?"

"వాడూ నా కొడుకే."

"మరి చెప్పలేదే?"

"ఏందమ్మా నువ్వు! కడుపున పుట్టినోళ్లందర్నీ ఎవరన్నా లెక్కజెప్తారా? దిష్టి తగలదూ? వాడసలే చానా నలతగా ఉంటాడు."

నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. ఇంటింటా ఇదే తీరైతే, ప్రతి తల్లీ దాచేది టీకా తప్పకుండా కావలసిన నలత బిడ్డనే.

దిష్టితో వాదించి గెలిచినవాళ్లు లేరు. అందుకే ప్రశ్న మార్చాను: "రాత్రికి కంచాలెన్ని పెడతావమ్మా?" కంచాలకు దిష్టి లేదు కాబోలు, అందరూ నిజమే చెప్పారు. మందు మళ్లీ తెప్పించాం. ఆ అరుగు మీదివాడు టీకా వేస్తుంటే ఊరు అదిరిపోయేలా ఏడ్చాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

ఈ తెలివితేటలన్నీ ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. కొన్నాళ్లకు మా వీధి కార్డులు వచ్చాయి. మా ఇంటి దాంట్లో ఒక మనిషి తక్కువ. కంచాల కిటుకు తెలిసిన మా అమ్మ కంచాన్ని కూడా దాచేసింది!

ఒళ్లు మండింది. ఆదివారం ప్రార్థనలో ముందు వరుసలో కూర్చునే మనిషికి దిష్టేమిటి? పైగా వదిలేసింది నన్నే అయ్యుంటుందనిపించింది. నడిమిపిల్లను. నన్నెవరూ పట్టించుకోరన్న అలక నాకు పుట్టినప్పటినుంచీ ఉంది.

"ఎవర్ని వదిలేశావు? నన్నేగా?" అని నిలదీశాను.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. "నిన్నే. మశూచి ఊళ్లన్నీ తిరిగేది నువ్వేగదే."