కోడి గూట్ల వెచ్చటి ఉసికె

ఇగో, గట్ల సగం లేసి సగం కూసుండుడు కాదు బిడ్డా, మంచిగ సక్లముక్లం ఏసుకొని కూసో. చెవులు గిటు పెట్టు. నేను జెప్పింది జెప్పినట్టే రాయాలె, నీ కాలేజీ తెలుగుల దిద్దకు. నడుమల నవ్వితె మల్ల మొదటికెల్లి జెప్త, నీ చెయ్యే నొస్తది.

మేం గప్పుడు ఉప్పుగూడ దిక్కు ఉండేటోళ్లం. నిజాం సర్కారు దినాలు. నేను గింత పోరిని. మా అమ్మ ఇంటి ముంగట పొయ్యి పెట్టి పేలాలు, మక్కలు, పల్లీలు ఏంచి అమ్మేది. మంగలం అంటె ఎరుకేనా? ఎరుకలేదా! ఎడల్పు మూతి మట్టికుండ. అండ్ల ఉసికె పోసి ఎర్రగ కాల్చి, గా ఉసికెల గింజలేసి కలబెడితె టపటప పేల్తయ్. జల్లెడ పడితె ఉసికె కిందికి, పేలాలు మీదికి. మా ఇల్లంత గా వాసనే. బడికి పోతె పోరగాండ్లు నా జడ వాసన జూసి, "పల్లీలున్నయా?" అని అడిగేటోళ్లు.

ఇంట్ల మూడు కోళ్లు. పుంజేమో బోనాలకు అమ్మవారికి మొక్కింది, దాన్ని ముట్టద్దు. ఒక పెట్ట పిల్లల తల్లి. మూడోది నా చుక్కల పెట్ట. నల్లగుండి మీద తెల్ల చుక్కలు, సుర్మా పెట్టుకున్నట్టు కండ్లు. మా మేనత్త నా చేతులనే పెట్టి, "ఇది నీది పిల్లా" అన్నది. ఇగ సూస్కో, నేనేడుంటె అదాడ.

గా ఏడాదే మా అక్క పెండ్లయింది. చలికాలం రాంగనే, కొత్తల్లుడు మొదటిసారి ఇంటికొస్తున్నడని కబురొచ్చింది. మా అమ్మ గూటి దిక్కు సూసి, "అల్లునికి కోడి కొయ్యకుంటె గల్లీ అంత నవ్వుతది. పుంజు అమ్మవారిది, అది పిల్లల తల్లి. గీ చుక్కల పెట్ట గుడ్డు పెడ్తలేదు, పెట్టిన తిండంత దండుగ. దీన్నే కోద్దాం" అన్నది.

నాకు బువ్వ పోలే. గోడకాడ ఏడుస్తుంటె పక్కింటి ఖాలా సూసింది. ఆమె కోళ్లు చలిల గూడ గుడ్లు పెట్టేటియి. "రోతీ కైకు? గూట్ల ఏమేసినవ్?" అన్నది. వరిగడ్డి అన్న. "ఘాస్ నక్కో బేటీ! రేత్ డాల్, సూఖీ రేత్, పొడి ఉసికె. గడ్డి మంచుకు నానుతది, కాళ్లు సల్లబడ్తయ్. కోడికి కడుపు నిండుగ, కాలు పొడిగ ఉండాలె. గప్పుడే గుడ్డు" అన్నది.

ఉసికెకు మాకేం కరువు? మంగలంల ఏంచీ ఏంచీ నల్లగయినంక అమ్మ పారపోసేది. గది నాకియ్యమన్న. "కోడికి పరుపేస్తున్నవా? రేపు మొగని తల్లికన్న ఏస్తవో లేదో!" అని నవ్వింది గని, ఇచ్చింది. మాపటికి పొయ్యి ఆర్పినంక గా ఉసికె ఇంక వెచ్చగుండేది. ముందుగాల అరచెయ్యి పెట్టి సూసేదాన్ని, వేడుంటె కాళ్లు కాలవా మరి! గోరువెచ్చగయినంక గూట్ల నాలుగు వేళ్ల మందం పరిచేదాన్ని. అబ్బ, ఏం జెప్పాలె బిడ్డా! మూడు కోళ్లు రెక్కలు పొంగిచ్చుకొని, కండ్లు మూసుకొని, దుకాన్ల గద్దెనెక్కిన సేట్ల లెక్క కూసునేటియి. పొద్దుగాల్ల జల్లెడ పడితె పెంట ఎండి పకోడీల లెక్క పైకొచ్చేది, ఉసికె కిందికి. కంపు లేదు, తడి లేదు. అగో, గట్ల మొఖం పెట్టకు! అమ్మ జల్లెడ కాదు, చినిగిన పాత జల్లెడ. లేకుంటె మా పేలాలు ఎవ్వడు కొంటడు?

కొన్నొద్దులకు నా పెట్ట తెల్లారంగనే కొక్కొక్కో అని మొదలువెట్టింది. గది గుడ్డు పెట్టిన అరుపు, నాకెరుక. ఉరికిపోయి సూస్తె గూట్ల గుడ్డు లేదు! మర్నాడు గంతే. అమ్మ మంగలం తిప్పుకుంటనే, "నీ పెట్ట పాటకత్తె. పాట పాడ్తది, పని జెయ్యది" అన్నది. ముంగిసనో అనుకుంటె, గూటికి అడ్డమేసే పలక ఏసింది ఏసినట్టే ఉండె.

ఇగ మా తాత సంగతి జెప్పాలె. బాపుకు నాయిన. తులసిమాల ఏసుకున్నడు, నీసు ముట్టడు. ముట్టుడు కాదు, మేం నీసుకూర వండితె ముక్కుకు తువ్వాల కట్టుకొని అరుగు మీదికి పోయేటోడు. "నీసు తినే నోట్లెకెల్లి దేవుని పేరెట్లొస్తది?" అని బాపును రోజు దెప్పుడే. గా తాత ఒకనాడు ఇల్లంత లొల్లి లేపిండు. మాల తెగింది, పూసలు ఏరిండు, ఒక పూస తక్కువొచ్చింది. మంచాలు జరిపిచ్చిండు, సాపలు దులిపిచ్చిండు. "కోడలా, నీ చీపురే మింగింది!" అన్నడు. అమ్మ, "నా చీపురుకు మాల లేదు మామా, అది అన్నీ తింటది" అన్నది.

తెల్లారి నేను ఉసికె జల్లెడ పడ్తున్న. పకోడీల నడుమ గుండ్రంగ ఏందో ఉరుకులాడుతున్నది. శనగ గింజ అనుకొని తీసిన. నడుమ రంధ్రమున్నది. తులసిపూస!

తాత ఎండకు మంచమేసుకొని కూసున్నడు. పోయి అరచేతుల పెట్టి సూపెట్టిన. "తాతా, పూస దొరికింది."

"నా బంగారు బిడ్డ! ఏడ దొరికిందే?"

"కోడి గూట్ల."

తాత పూసను తువ్వాల కొంగుకు ముడేసిండు. అటెన్క, "ఎలుక ఎత్కపోయిందేమో" అన్నడు.

"ఎలుక పలక తీసి, గుడ్డు తాగి, మల్ల పలక ఏస్తదా తాతా?"

అటు జూసిండు, ఇటు జూసిండు. "జర మెల్లగ మాట్లాడవే పిల్లా! చలికి దగ్గు ఊపిరాడనిస్తలేదు. హకీం సాబ్ తెల్లారంగ పచ్చి గుడ్డు పాలల్ల కొట్టుకొని తాగమన్నడు. గది దవ, నీసు గాదు. మీ బాపుకు తెలిస్తె నా ఇజ్జత్ ఏమైతది?"

"నీ ఇజ్జత్ సరే, నా పెట్ట పానమో? గుడ్డు పెడ్తలేదనే గద కోస్తున్నరు! అది పెడ్తున్నదని నువ్వే జెప్పు."

"ఫికర్ జెయ్యకు, నేనాపుత" అన్నడు. ఎట్లనో జెప్పలే.

బావ రానే వచ్చిండు. అమ్మ నా పెట్టను పట్టి గంప కింద మూసింది. బాపు కత్తి నూరుతున్నడు. నేను గంప మీద చెయ్యేసి తాతనే సూస్తున్న. తాత దగ్గిండు. "కొడుకా, ఇయ్యాల శనారం, కొయ్యద్దు."

"ఇయ్యాల ఐతారం నాయినా."

"గా పెట్టకు సుస్తి జేసింది. కొత్తల్లునికి కడుపుల నొప్పి లేస్తది."

బావ మంచం మీదికెల్లి, "నాది గట్టి కడుపే తాతా, రాళ్లన్న అరుగుతయ్!" అన్నడు. మంచోడే పాపం, మర్యాదకన్నడు. నాకు మాత్రం గప్పుడు గా మనిషిని మూసీల పారేద్దామనిపిచ్చింది.

బాపు లేసి గంప లేపవట్టిండు. నేను బోరుమన్న. గప్పుడు తాత తువ్వాల తీసి మొఖం తుడుసుకొని, అందరింటుండగ అన్నడు: "ఆగురా! గది రోజు గుడ్డు పెడ్తున్నది. నేనే తాగుతున్న."

బాపు చేతుల కత్తి గట్లనే ఆగింది. "ఏంది నాయినా! మాల ఏసుకొని?"

"గా మాలనే గదరా నన్ను పట్టిచ్చింది!"

అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఇంట్లకు ఉరికింది, లోపలికెల్లి ఒకటే నవ్వుడు. బావ మెల్లగ, "పెట్టే కోడిని కొయ్యకుండ్రి మామా. నాకు అత్త ఏంచిన పేలాలే మస్తు" అన్నడు. పేలాలు పెడితె గల్లీ ఊకుంటదా? బాపు గా నూరిన కత్తి పక్కకు పెట్టి మటన్ దుకానుకు ఉరికిండు. నేను గంప లేపిన. నా పెట్ట బయటికొచ్చి, ఏం గానట్టు దులుపుకొని, సక్కగ గూట్లకు పోయి ఉసికెల కూసున్నది.

ఇగ తెల్లారికెల్లి అమ్మనే గుడ్డు పాలల్ల కొట్టి, గిలాస మీద పళ్లెం మూసి, "మామా, మీ దవ" అని అరుగు మీద పెట్టేది. తాత బాపును నీసని దెప్పుడు బందువెట్టిండు. నా పెట్ట బతికినన్నొద్దులు ఎవ్వరు దాని దిక్కు కత్తితోని సూడలే. తాతనే కావలి. మాపటికి, "ఉసికె ఏసినవా, వెచ్చగున్నదా?" అని ఆయన్నే అడుగుడు. ఇంకోటి ఇను, నవ్వకు. మా బావ మల్ల చలికాలం అచ్చిండు చూడు, తెల్లారక ముందే లేసి, గూటి సుట్టు తిరుక్కుంట తిరుక్కుంట నా దగ్గరకొచ్చి, "మరదలా, నాగ్గూడ నిన్నటికెల్లి జర దగ్గు..." అని గొంతు సవరిచ్చుకొని, ఆ పలక మీద చెయ్యి... ఆఁ? ఏందే కోడలా? అన్నం పెట్టినవా? గుడ్ల పులుసా! అచ్చిన, అచ్చిన, సల్లారనియ్యకు. లే బిడ్డా, కలం పక్కకు పెట్టి చెయ్యియ్యి, గీ మోకాళ్లు...