పరాయి సీసా నీళ్ళు

మా ఇంట్లో పరాయి గీటురాయిని నమ్మరు. తాత కాలంలో రాబర్ట్‌సన్‌పేట బజారులో మాకు బంగారం అంగడి ఉండేది. సరుకు చూడటానికి ఎక్కడికి పోయినా ఆయన తన రాయినే జేబులో పెట్టుకుని పోయేవారు. ఎదుటివాడి రాయిని ముట్టుకునేవారు కాదు. ఆ అంగడి నాన్న చేతుల్లో పోయింది. ఎవరి వల్ల పోయిందో నాకు తెలుసు. రుజువు లేదు కాబట్టి రాయను. ఇప్పుడు ఇంటి ముందు భాగం అద్దెకిచ్చి, వెనుక రెండు గదుల్లో నేనుంటున్నాను.

వెనుక గదిలో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో చేపల కంటే మొక్కలే ఎక్కువ. నీటి మొక్కలు గుబురుగా పెరగాలంటే కార్బన్ డయాక్సైడ్ అందించాలి. చిన్న సిలిండరు, దానికో మర, సన్నటి గొట్టం. పొద్దున స్నానం చేసి మర తిప్పుతాను, చీకటి పడకముందే కట్టేస్తాను. గ్యాసు తక్కువైతే ఆకులకు నాచు పడుతుంది, ఎక్కువైతే చేపలకు ఊపిరాడదు. ఎంత ఉందో చూపడానికి తొట్టి లోపలి గోడకు ఒక చిన్న గాజు బుడ్డి అంటించి ఉంటుంది. అందులో కొలత ప్రకారం తయారుచేసిన నీళ్ళు పోసి రంగు మందు చుక్కలు వేయాలి. నీలంగా ఉంటే గ్యాసు చాలదు, ఆకుపచ్చ అయితే సరి, పసుపు తిరిగితే ప్రమాదం.

ఆ కొలత నీళ్ళు బుడ్డితో పాటు ఒక సీసాలో వచ్చాయి. ఎవడు చేశాడో, ఏ కొళాయి కింద పట్టాడో! సీసాను బీరువాలో పెట్టి, బుడ్డిలో మా పెరటి బావి నీళ్ళు పోశాను. మూడు తరాల వాళ్ళం తాగిన నీళ్ళు.

రంగు నీలంగానే నిలిచింది. మర కొంచెం ఎక్కువ తిప్పాను. రెండు రోజుల తర్వాతా నీలమే. ఇంకొంచెం తిప్పాను.

ఆ వారమే నా ఏంజెల్ చేపల జంట నీటి పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టింది. గోరంత పిల్లలప్పటి నుంచి నేను పెంచిన జంట అది. బుడ్డి చూస్తే గ్యాసు చాలదంటోంది. అలాంటప్పుడు చేపలకు ఊపిరెందుకాడదు? ఎవరో నీళ్ళలో ఏదో కలుపుతున్నారనుకున్నాను.

ముందు భాగంలో అద్దెకున్నతను వేమగల్ ఫ్యాక్టరీలో బాయిలరు నీళ్ళు పరీక్షించే పని చేస్తాడు. చేతికి ఎప్పుడూ మందుల వాసన. వాళ్ళమ్మను తెచ్చుకోవాలి, వెనుక గది ఒకటి ఇస్తారా అని రెండుసార్లు అడిగి ఉన్నాడు. బుధవారం కిటికీ దగ్గర నిలబడి తనే అన్నాడు:

"సార్, చేపలు పైకొచ్చి నోరు తెరస్తా ఉండాయి. గ్యాసు జాస్తి అయినట్టుండాది."

"నా తొట్టి మీకెందుకు?"

"బట్టలారేసే తాడు ఈడే ఉండాది గదా సార్. కండ్లు మూసుకోని ఆరేయాల్నా?"

లోపలి నుంచి అతని భార్య గొంతు వినిపించింది. "రా అప్పా లోపలికి. మన దిష్టి తగిలి వాళ్ళ చేపలు పోతాయంట!"

శుక్రవారం ఆ జంట వెడల్పాటి ఆకు మీద మొదటిసారి గుడ్లు పెట్టింది. ఇక నేను ఊరుకోలేదు. గాలి ఆడటానికి వేలెడు సందు వదిలి ఉంచే గాజు మూతను శనివారం సాయంత్రం పూర్తిగా మూసేశాను. దారం చుట్టి, లక్క కరిగించి, మా అంగడి ముద్ర వేశాను. ఎవరు తెరిచినా తెలిసిపోతుంది.

ఆదివారం ఎప్పటిలాగే మర తిప్పి బజారుకు వెళ్ళాను. పదకొండు గంటలకు తిరిగొచ్చేసరికి మగచేప నీటి పైన నోరు మూయకుండా గుటకలు వేస్తోంది. ఆడది మొక్కల మధ్య పక్కకు ఒరిగిపోయి ఉంది. లక్క ముద్ర చెక్కు చెదరలేదు.

ఎవరూ తెరవలేదు. ముద్రను వేలితో తడిమి చూశాను. తర్వాత దాన్ని పగలగొట్టి, మూత తీసి, ముందు భాగం తలుపు తట్టాను.

అతను లుంగీ మీదే వచ్చాడు. అడగకుండానే మర కట్టేసి, ఫిల్టరు గొట్టం పైకెత్తాడు. నీళ్ళు పైన చిందుతూ గాలి కలవడం మొదలైంది. అప్పుడు కింద పడిన లక్క ముక్కలు చూశాడు.

"ఇదేంది సార్, పోస్టాఫీసు పార్సిలు మాదిరి?"

"ఎవరైనా మూత తెరుస్తారేమోనని."

"ఎవరైనా అంటే ఎవరు సార్? ఇంట్లో ఉండేది మీరు, మేము."

నేను వంగి లక్క ముక్కలు ఏరాను. అతను బుడ్డి వైపు చూసి, "ఇందులో ఏం నీళ్ళు పోసినారు?" అన్నాడు.

"మా బావి నీళ్ళు."

"అయ్యో! బాయిలర్లో పోస్తే గొట్టాలన్నీ సున్నం కట్టే నీళ్ళు సార్ ఇవి. సున్నం నీళ్ళల్లో ఆ రంగు తిరగల్లంటే గ్యాసు మూడింతలు కావాల. వాళ్ళిచ్చిన నీళ్ళు యాడ?"

బీరువాలోంచి సీసా తెచ్చాను. అతను ఒక గాజు గ్లాసులో ఆ నీళ్ళు, ఇంకో గ్లాసులో బావి నీళ్ళు కొంచెం కొంచెం పోసి, రెండింటిలో రంగు మందు వేశాడు. సన్నటి గొట్టం ముంచి ఒకదాని తర్వాత ఒకటి ఊదాడు. మన ఊపిరిలోనూ ఉండేది అదే గ్యాసు. సీసా నీళ్ళు కాసేపటికే నిమ్మపండు రంగుకు తిరిగాయి. బావి నీళ్ళు ఎంత ఊదినా ఆకుపచ్చ దాటలేదు.

రెండింటిలో ఒకేలా ఊదాడా అని నాకు అనుమానం వచ్చింది. గ్లాసులు కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి, నేనే ఊదాను. అవే రంగులు.

"నమ్మినారా సార్?" అన్నాడు నవ్వకుండా.

"ముద్ర మీ కోసమే వేశాను" అన్నాను.

"తెలిసింది లెండి."

సాయంత్రం వరకు నేను తొట్టి దగ్గర నుంచి లేవలేదు. ఆడచేప లేవలేదు. మగది మెల్లగా కిందికి దిగింది. దీపాలు పెట్టే వేళకు అతను ఎండిన బట్టలు తీసుకోవడానికి తాడు దగ్గరికి వచ్చాడు, కిటికీ వైపు చూడకుండా.

"లోపలికి రండి" అన్నాను.

అతను చెప్పులు గడప బయట విడిచి వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆకు మీద చాలా గుడ్లు తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలిన వాటికి మగచేప ఒక్కటే రెక్కలతో నీళ్ళు విసురుతోంది.

"ఇంగా సగం ఉండాయి సార్" అన్నాడు.